ఆ డబ్బా ఎవరికండీ?

మొన్నామధ్య మా పెద్దవాడు జిమ్ములో చేరాడు. చేరితే చేరాడు, సంతోషమే. వెనకటికి మా బందరు కుర్రాళ్ళు తెల్లవారుఝామునే లేచి దండీలూ బస్కీలూ తీసేవారు, ఇప్పటివాళ్ళు అద్దాల గదిలో పాటలు పెట్టుకుని ఇనప గుండ్లు ఎత్తుతున్నారు. ఒంటికి బలం వస్తే ఏదైతేనేం అనుకున్నాను. మూడోనాడు సాయంత్రం వాడు నా చేతిలో ఒక చీటీ పెట్టేదాకా నాకేం అనుమానం రాలేదు.

"అమ్మా, మా కోచ్ రాసిచ్చాడు. కొత్తగా మొదలెట్టినవాళ్ళు ఇది తాగితేగాని కండ పట్టదట."

చూస్తే ప్రోటీన్ పొడి. పక్కనే కూచున్న మా అత్తయ్యగారు కళ్ళజోడు సవరించుకుని, "ఎవరికే జబ్బు?" అన్నారు. పొడి కలుపుకు తాగేది మంచంపట్టిన మనిషేనని ఆవిడ నమ్మకం. అందరం నవ్వాం. ఆ నవ్విన నవ్వు నాకే తిరిగి తగులుతుందని అప్పుడు తెలీదు.

మర్నాడు కొట్టుకి వెళ్ళాను. ఎరువుల బస్తాలంత డబ్బాలు వరసగా పేర్చి ఉన్నాయి. "మొదటిసారి వాడేవాళ్ళకి ఏది మంచిదండీ?" అని అడిగాను. అబ్బాయి వయసెంత, బరువెంత, ఏం తింటాడు అని అడుగుతాడనుకున్నాను. "మీ బడ్జెట్టెంతమ్మా?" అన్నాడు. అంతటితో ఊరుకోక, గులాబీ రంగు డబ్బా ఒకటి తీసి నా ముందు పెట్టి, "ఇది ఆడవాళ్ళకి స్పెషలండీ, మీక్కూడా ఒకటి తీసుకోండి, నీరసంగా కనిపిస్తున్నారు" అన్నాడు.

నీరసంగా ఉన్న మాట నిజమే. కాని ఆ మాట మా ఇంట్లో ఎవరూ అనకుండా డబ్బాలమ్మే మనిషి అన్నాడే, అదే నన్ను ఆలోచనలో పడేసింది. ఏదీ కొనకుండా ఇంటికి వచ్చేశాను.

అసలు ఆ పొడి ఏమిటో తెలుసుకుందామని కూచున్నాను. ఎక్కువ డబ్బాల్లో ఉండేది 'వే' అనే పాల సరుకు. బ్రహ్మ పదార్థం ఏమీ కాదు. పాలు విరిగితే గడ్డ ఒకవైపు, పచ్చటి నీళ్ళు ఒకవైపు విడిపోతాయే, ఆ నీళ్ళలోని మాంసకృత్తులని వడగట్టి ఎండబెట్టిన పొడి. పాశ్చాత్య దేశాల్లో జున్ను గడ్డలు, అదే చీజ్, చేసే కర్మాగారాలకి ఈ నీళ్ళు ఒకప్పుడు పెద్ద బెడద. పందులకి పోసేవారు, పొలాల మీదా కాలవల్లోనూ పారబోసేవారు. కాలవలు పాడవుతున్నాయని అక్కడి ప్రభుత్వాలు గట్టిగా పట్టుకున్నాక, సన్నటి జల్లెడలాంటి పొరల్లోంచి వడగట్టే పద్ధతి 1970ల నించి వాడకంలోకి వచ్చింది. పారబోసే నీళ్ళు డబ్బాలకెక్కాయి.

ఇది విని మీరు ముక్కు మీద వేలేసుకోకండి. మన కృష్ణాజిల్లా వాళ్ళం అంతకంటే ఘనులం. ఉలవలు ఉడకబెట్టి, మాంసకృత్తులన్న గింజలు ఎద్దులకి పెట్టి, ఆ కట్టుతో చారు కాచుకుని వెన్నపూస వేసుకు లొట్టలేసినవాళ్ళం! జున్ను చేసేవాళ్ళు పందులకి పోసినది కుర్రాళ్ళకి అమ్మడం నేర్చుకున్నారు. మనం ఎద్దులకి పెట్టినది పిల్లలకి పెట్టడం ఇంకా నేర్చుకోలేదు.

న్యాయం చెప్పాలి. ఆ 'వే' నాసిరకం వస్తువు కాదు. తొందరగా అరుగుతుంది, ఒంటికి కావలసిన అన్ని ఆమ్లాలూ అందులో ఉన్నాయి. నా పోట్లాట దానితో కాదు. అది లేకపోతే గతి లేదన్న మాటతో.

మనిషికి ఎంత కావాలి? హైదరాబాదులో మనకి జాతీయ పోషకాహార సంస్థ ఉంది. 1918లో కూనూరులో చిన్నగా మొదలై, 1958లో హైదరాబాదు వచ్చిన సంస్థ. వాళ్ళ లెక్క ప్రకారం పెద్దవాళ్ళకి ఒంటి బరువు కిలో ఒక్కింటికి రోజుకి 0.83 గ్రాముల మాంసకృత్తులు చాలు. బాగా బరువులెత్తేవాళ్ళకి గ్రామున్నర దాకా అవసరమని వ్యాయామం సంగతి తెలిసినవాళ్ళు అంటారు. మావాడి బరువు 62 కిలోలు. మామూలు లెక్కన 51 గ్రాములు, బస్కీల లెక్కన తొంభై మూడు లోపు.

అంతే, వంటింట్లో కాటా పెట్టాను. పండగలకి మిఠాయి తూచే కాటా అది. ఒక రోజల్లా వాడు తిన్నదంతా తూచి రాశాను. పొద్దున్న నాలుగు ఇడ్లీలు, 8 గ్రాములు. రెండు గుడ్లు, 12. రెండు పూటలా కలిపి అరలీటరు గేదెపాలు, 18. రోజు మొత్తానికి పావుకిలో బియ్యం వండిన అన్నం, 19. రెండు గరిటెల ముద్దపప్పు, 9. మధ్యాహ్నం గిలకలదిండి రేవు నించి వచ్చిన చేప ముక్కలు నూరు గ్రాములు, 18. గడ్డపెరుగు, 3. వెరసి 87 గ్రాములు. అంటే డబ్బా మూత తియ్యకుండానే వాడికి కావలసింది వాడి కంచంలో ఉంది! ఆ పైన రెండు చెంచాల పొడి పోస్తే కండ అవదు. ఎక్కువైన మాంసకృత్తుల్ని ఒళ్ళు దాచుకోలేదు, మిగతా తిండిలాగే కాల్చేస్తుంది, లేదా కొవ్వు చేస్తుంది. కండ పెరగాలంటే ఇనప గుండు ఎత్తాలి, కడుపు నిండా తినాలి, నిద్దరపోవాలి. ఈ మూడోది మా ఇంట్లో రాత్రి ఒంటిగంట దాకా ఫోను చూసేవాడికి ఏ కోచ్ చీటీ మీద రాయలేదు.

ఇక్కడితో ఆగి ఉంటే హాయిగా ఉండేది. కాటా చేతిలో ఉంది కదా అని నా కంచం కూడా తూచాను.

నా బరువు 55 కిలోలు. నాకు కావలసింది 46 గ్రాములు. పొద్దున్న మిగిలిన రెండు ఇడ్లీలు, 4. రెండు పూటలా కాఫీలో పాలు, 4. మధ్యాహ్నం అన్నం, 9. అందరూ తిన్నాక పప్పు గిన్నెలో పప్పు లేదు కనక అడుగున నీళ్ళు పోసి తిప్పిన కట్టు, మహా అయితే 2. చేప ముక్కలు అయిపోయాయి, పులుసు ఉంది. పులుసులో రుచి ఉంటుంది గాని గ్రాములుండవు. మజ్జిగ, 2. రాత్రి గోంగూర పచ్చడితో నాలుగు మెతుకులు, 6. మళ్ళీ మజ్జిగ, 1. వెరసి 28 గ్రాములు!

ఇంటర్మీడియెట్ చదివే మా అమ్మాయి లెక్క నాకంటే నయం, అంతే. అన్నకి రెండు గుడ్లు, దానికి ఒకటి. ఆ ఒక్కటీ అది సగం వదిలేస్తే నేనేమన్నానో నాకు బాగా గుర్తు. "పోన్లే, నీకెందుకే, లావవుతావు" అన్నాను. ఆ మాట అన్నది ఏ అత్తగారో ఆడబిడ్డో కాదు. కన్నతల్లిని, చదువుకున్నదాన్ని, పత్రికలకి వ్యాసాలు రాసేదాన్ని.

ఇప్పుడు చెప్పండి. ఇంట్లో లోటున్న కంచాలు ఎవరివి? డబ్బా తెమ్మని చీటీ వచ్చింది ఎవరికి? నిండిన కంచంలో మూడు వేలు పొయ్యడానికి సిద్ధపడ్డాం గాని, వెలితి కంచంలో ఒక గరిటె పప్పు వెయ్యడానికి మనకి ఏనాడూ చీటీ రాలేదు. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన ఆంధ్రప్రదేశ్‌లో 15 నించి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో నూటికి 58 మందికి పైగా రక్తం తక్కువని తేలింది. అది ఇనుము లోటు, మాంసకృత్తుల లోటు ఒకటే కాదు, ఒప్పుకుంటాను. కాని రెండు లోట్లూ పుట్టేది ఒక్కచోటే. ఆఖరున తినే కంచంలో.

ఈ మాంసకృత్తుల భయం కొత్తదనుకోకండి. 1950ల్లో ప్రపంచమంతా ఇదే గోల. బీద దేశాల పిల్లలకి మాంసకృత్తులు లేకే రోగాలొస్తున్నాయని ఐక్యరాజ్య సమితి 1955లో దానికోసం ప్రత్యేకంగా ఒక సలహా సంఘమే పెట్టింది. చేపల పిండి అన్నారు, ఇంకేవో పిండ్లన్నారు. మన జాతీయ పోషకాహార సంస్థకి సంచాలకులుగా పనిచేసిన డాక్టర్ సి. గోపాలన్ మన పిల్లల తిండిని పరిశీలించి వేరే మాట చెప్పారు. వీళ్ళకి తక్కువైంది ఏదో ఒక ప్రత్యేక పదార్థం కాదు, అసలు తిండే తక్కువ, ఇంట్లో తినే ఆ తిండే కడుపు నిండా పెడితే మాంసకృత్తుల లోటు చాలామట్టుకు తీరుతుందని. 1974లో మెక్‌లారెన్ అనే వైద్యుడు 'లాన్సెట్' పత్రికలో ఈ మాంసకృత్తుల హడావిడిని పెద్ద అభాసుగా ఎండగట్టాడు. 1977లో ఆ సలహా సంఘాన్ని ఎత్తేశారు.

ఇందులో కిటుకు ఇల్లాలికి ఇట్టే అర్థమవుతుంది. పొయ్యిలోకి కట్టెలు లేకపోతే ఏం చేస్తాం? ఇంట్లో టేకు బల్లయినా విరగ్గొట్టి పెడతాం. ఒళ్ళూ అంతే. కడుపు నిండా అన్నం లేకపోతే తిన్న మాంసకృత్తుల్ని వంటచెరుకు కింద వాడేసుకుంటుంది. మా అత్తయ్యగారిది దివిసీమ. అదే 1977లో నవంబరు 19న ఉప్పెన వచ్చినప్పుడు ఆవిడ అవనిగడ్డ దగ్గర పుట్టింట్లో ఉన్నారు. "ఆ రోజుల్లో గుప్పెడు వేడి అన్నం దొరికితే ఒంట్లోకి ప్రాణం వచ్చేదే అమ్మాయ్, అందులో ఏముందని ఎవరు అడిగారు?" అంటారు. డాక్టర్ గోపాలన్ చెప్పిందీ ఆవిడ చెప్పిందీ నాకు ఒకటే మాటగా వినిపిస్తుంది.

సరే, డబ్బాలో రాసినదైనా డబ్బాలో ఉందా? 2024 ఏప్రిల్లో 'మెడిసిన్' అనే వైద్య పత్రికలో కేరళకి చెందిన వైద్యులు, మరికొందరు కలిసి ఒక పరిశీలన ప్రచురించారు. మన దేశంలో అమ్ముడయ్యే 36 రకాల పొడులు పరీక్ష చేయించారు. దాదాపు నూటికి డెబ్భై వాటిలో పైన రాసిన మాంసకృత్తులకీ లోపల ఉన్నవాటికీ పొంతన లేదు. కొన్నింటిలో రాసిన దానిలో సగమే ఉంది. నూటికి 14 వాటిలో బూజు నించి పుట్టే విషం, నూటికి 8 వాటిలో పురుగుమందుల జాడ.

సగం సరుకుతో పరీక్షలో నెగ్గే కిటుకు ఒకటుంది. మామూలు పరీక్ష మాంసకృత్తుల్ని నేరుగా కొలవదు, నత్రజనిని కొలిచి లెక్క కడుతుంది. అంచేత గ్లైసిన్ లాంటి చవక పదార్థం కలిపితే అంకె పెరుగుతుంది, బలం పెరగదు. 2008లో చైనాలో పాలల్లో మెలమిన్ కలిపి పసిపిల్లల ప్రాణాలు తీసింది ఈ కిటుకు పట్టుకునే.

మా బందరు పక్కనే చిలకలపూడి. అక్కడ చేసే రోల్డుగోల్డు నగలు దేశమంతా వెళ్తాయి. పూత నగని పూత నగ అని చెప్పే అమ్ముతారు, ఇత్తడి ధరకే ఇస్తారు. పెట్టుకున్నవాళ్ళకీ తెలుసు, చూసినవాళ్ళకీ తెలుసు. అది మర్యాదైన వ్యాపారం. ఈ డబ్బాల్లో కొన్ని పూత పూసి మేలిమి బంగారం ధర పుచ్చుకుంటున్నాయి. అక్కడే నాకు ఒళ్ళు మండుతుంది.

"అయితే కొనవద్దంటావా?" అని మా వారు అడిగారు. ఆయన ప్రశ్నలో న్యాయముంది. నిజంగా కావలసినవాళ్ళు ఉన్నారు. ఆపరేషన్లయి తినలేనివాళ్ళు, పళ్ళూడి నమల్లేని ముసలివాళ్ళు, జబ్బుతో చిక్కిపోయినవాళ్ళు. డాక్టరో, ఆహారం సంగతి చదువుకున్నవాళ్ళో చూసి ఇమ్మంటే ఇవ్వాల్సిందే. పొడి కలుపుకు తాగేది జబ్బు మనిషని మా అత్తయ్యగారన్న మాటకి నేను నవ్వాను కదా, ఆ నవ్వు వెనక్కి తీసుకుంటున్నాను. కాని మూత్రపిండాల జబ్బున్నవాళ్ళకి డాక్టరు చెప్పకుండా అది పొయ్యకూడదు. షుగరూ బి.పి. ఏళ్ళ తరబడి ఉన్నవాళ్ళకి ఆ జబ్బు ఉన్నా పైకి తెలీదు.

కొనక తప్పనివాళ్ళు ఈ నాలుగూ చూసుకోండి. ఒకటి, డబ్బా మీద ఎఫ్.ఎస్.ఎస్.ఏ.ఐ. వాళ్ళ 14 అంకెల లైసెన్సు నెంబరు, గడువు తేదీ. రెండు, 'ఒక చెంచాకి ఇంత' అన్న అంకె కాదు, నూరు గ్రాములకి ఎంత అన్నది చూడండి. చెంచా వాళ్ళది, ఎంత పెద్దదైనా చేసుకోగలరు. మూడు, కలిపిన వస్తువుల పట్టీ ఎక్కువది ముందు, తక్కువది తరవాత వచ్చేట్టు రాస్తారు. మొదట్లోనే చక్కెర, మాల్టోడెక్స్‌ట్రిన్ ఉంటే అది మిఠాయి. గ్లైసిన్, టారిన్ అని విడిగా కలిపి ఉంటే పెట్టెయ్యండి. నాలుగు, పాలు పడనివాళ్ళకి 'కాన్సెంట్రేట్' కడుపు ఉబ్బిస్తుంది, 'ఐసొలేట్'లో పాలచక్కెర బాగా తక్కువ. గులాబీ రంగు చూసి మోసపోకండి. 'స్త్రీల కోసం' అన్న డబ్బాలు కొన్నింట్లో నూటికి ఇరవై గ్రాములు కూడా ఉండవు. మన మినప్పప్పులో నూటికి 23 ఉంటాయి! పిల్లల చాక్లెట్ పొడుల సంగతా? 'హెల్త్ డ్రింక్' అనే వర్గమే మన ఆహార చట్టంలో లేదని, ఆ పేరు కింద వాటిని చూపించవద్దని 2024 ఏప్రిల్లో కేంద్ర వాణిజ్య శాఖ ఆన్‌లైన్ కొట్లవాళ్ళకి చెప్పాల్సి వచ్చింది.

"మేం శాకాహారులం, మాకెలా?" అని గుడివాడ నించి మా పిన్నికూతురు ఫోన్లో అడిగింది. ఏమే, దివిసీమలో మినుములు పండటం మానేశాయా? వరి కోతకి నాలుగైదు రోజుల ముందు చేలో మినుములు చల్లితే, కోతయ్యాక నేలలో మిగిలిన తడితోనూ, పైన కురిసే మంచుతోనూ పండే పంట అది. వేరే దుక్కి లేదు, పెద్దగా నీళ్ళక్కర్లేదు. పప్పుల్లో తక్కువైన ఆమ్లం బియ్యంలో ఉంది, బియ్యంలో తక్కువైనది పప్పుల్లో ఉంది. అందుకే ఇడ్లీ, పెసరట్టు మీద ఉప్మా, పులగం, పప్పన్నం. మన ముత్తవ్వలు ఆమ్లాల పేర్లు తెలియకుండానే జత కుదిర్చి పెట్టారు. దాని పక్కన పెరుగు, గుప్పెడు వేరుశనగలు, వేయించిన శనగలు.

ఖర్చు లెక్క కూడా వేశాను. కొట్లో నాకు చూపించిన కిలో డబ్బా రెండున్నర వేలు. అందులో రాసినదంతా నిజమై 750 గ్రాములు మాంసకృత్తులే అనుకున్నా, గ్రాముకి మూడు రూపాయల ముప్పై పైసలు. నేను కొన్న మినప్పప్పు కిలో నూట నలభై, గ్రాముకి అరవై పైసలు. ఏడు రూపాయల గుడ్డులో గ్రాముకి రూపాయి పదిహేడు పైసలు. పప్పు అరుగుదలలో కాస్త వెనకబడుతుందన్న మాట నిజమే. ఆ తరుగు తీసేసినా డబ్బా దాని దరిదాపులకి రాదు.

"ఉద్యోగం చేసుకుంటూ ఇవన్నీ వండే తీరికెక్కడిది?" అనే అక్కయ్యలకి నా దగ్గర ఎదురు ప్రశ్న లేదు. తీరిక లేదు, నిజం. కాని గుడ్డు ఉడకబెట్టడం, వేరుశనగలు వేయించడం ఇంట్లో మగపిల్లాడికి నేర్పలేని విద్యలా? ముప్పై కిలోల ఇనుము ఎత్తగలిగినవాడు కుక్కరు మూత ఎత్తలేడా?

2024 మే నెలలో మన పోషకాహార సంస్థ కొత్త ఆహార సూత్రాలు విడుదల చేసింది. కండలు పెంచడానికి ప్రోటీన్ పొడులు వాడవద్దని అందులో ఉంది. దానితో పాటు మామూలు మనిషి రోజు తిండిలో పప్పులు, గుడ్లు, చేపలు, మాంసం అన్నీ కలిపి 85 గ్రాములు ఉండాలని ఉంది. మొదటి మాట పేపర్లలో పెద్ద అక్షరాల్లో వచ్చింది. నేను వంటింటి గోడ మీద రాసుకున్నది మాత్రం రెండోది. ఆ 85 గ్రాములు ఇంట్లో తలా ఒక్కింటికి. అబ్బాయికి నూట యాభై, అమ్మకి అడుగున మిగిలిన కట్టు అని ఏ శాస్త్రంలోనూ లేదు. ఊళ్ళో అంగన్‌వాడీలో చూలింతకిచ్చే గుడ్డు ఇంటికి వెళ్ళాక ఎవరి కంచంలో పడుతోందో మనందరికీ తెలుసు. కడుపుతో ఉన్న ఆఖరు మూడు నెలల్లో ఆ పిల్లకి రోజుకి ఇంకో 22 గ్రాములు కావాలి. ఆ గుడ్డు ఆవిడ నోట్లోకి వెళ్ళేట్టు చూసే అత్తగారు పది డబ్బాల పెట్టు.

చీటీ మావాడికి తిరిగి ఇచ్చేశాను. వాడి కంచం లెక్క, నా కంచం లెక్క పక్కపక్కన రాసిన కాయితం కూడా ఇచ్చాను. వాడు రెండుసార్లు చదివాడు. "మరి నువ్వు చెప్పలేదేంటమ్మా?" అన్నాడు. నిజమే, చెప్పలేదు. అడిగినవాడూ లేడు. వాడిదొక్కడిదే తప్పంటే నేనొప్పుకోను. ఆఖరున తినడం గొప్ప అనుకున్నదాన్ని నేను.

ఆ ఆదివారం మినుములు వేయించి, విసిరించి, బెల్లం, నెయ్యి వేసి సున్నుండలు చుట్టాను. వాటిలో తీపీ నెయ్యీ ఉన్నాయి కనక మనిషికి రోజుకొకటి. మా అత్తయ్యగారు మెత్తగా ఉన్నాయని మెచ్చుకున్నారు. పప్పు ఇంకో గిద్దెడు ఎక్కువ పోస్తున్నాను. అందరం ఒక్కసారే కూచుంటున్నాం. అమ్మాయికీ రెండు గుడ్లు. నా కంచం మొన్న మళ్ళీ తూచాను, 43 వచ్చింది. ఇంకో మూడు గ్రాములు బాకీ ఉంది.

మీ ఇంట్లో కూడా కాటా ఉండే ఉంటుంది. డబ్బా కొనేముందు ఒక్కరోజు కంచాలు తూచండి. ముందుగా మీది.